ఇవ్వనన్న మాట

మా తమ్ముడికి కిడ్నీలు రెండూ పాడైపోయాయని డాక్టర్లు చెప్పిన రోజునే, నాది ఒకటి వాడికి ఇవ్వాలని మా ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. ఎవరు ముందు అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సమయంలో నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చేసరికి అందరూ నా వైపు చూసే చూపు మారిపోయి ఉంది. మా మరదలు గబగబా లేచి నా చేతిలోని పళ్ళెం అందుకుంది. అంతకుముందు ఎప్పుడూ అలా అందుకున్న మనిషి కాదు.

మరదలి వాళ్ళమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. ఆవిడ నాకు వినిపించేలాగే అంది: "ఆయమ్మకేముంది, మొగుడా, పిల్లలా? ఒగటి ఇచ్చినా ఇంగొగటి ఉంటాది గదా."

తమ్ముడు తల వంచుకుని కాఫీ తాగుతున్నాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

మాది నటేశన్ నగర్‌లో చిన్న ఇల్లు. మా నాన్న నూలు మిల్లులో పనిచేస్తూ కట్టుకున్నది. మేము ఈ తమిళ ఊళ్ళో ఎన్ని తరాలుగా ఉన్నామో నాన్నకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నేను చదివిందీ తమిళమే. నేను పదో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. తమ్ముడు అప్పటికి చాలా చిన్నవాడు. వాడికి తల దువ్వడం, జ్వరం వస్తే గుడ్డ తడిపి నుదుటి మీద వేయడం, పరీక్షలప్పుడు పక్కన కూర్చోవడం అన్నీ నేనే చేశాను. మిల్లు మూతపడ్డాక నాన్న మంచం పట్టి, కొన్నేళ్ళకు పోయాడు. నాకు ప్రభుత్వ బడి ఆఫీసులో క్లర్కు ఉద్యోగం వచ్చింది. తరవాత తమ్ముడికి కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్ పని దొరికింది. వాడికి పెళ్ళి చేశాం. వాడికొక కూతురు. నాకు పెళ్ళి సంగతి మొదట ఎవరో తెస్తారనుకున్నాను. తరవాత ఎవరూ తేరని తెలిసింది. ఆ తరవాత దాని గురించి అనుకోవడమే మానేశాను.

నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పొద్దున్నే లేచి అందరికీ వండి బడికి పోయేదాన్ని, సాయంత్రం వచ్చి మళ్ళీ వండేదాన్ని. ఏం కూర చేయాలో వాళ్ళు చెప్పేవాళ్ళు. ఏ చీర కట్టుకోవాలో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, ఎందుకంటే నేను ఏది కట్టుకున్నా చూసేవాళ్ళు లేరు. అదే నా జీవితమని, అందులో తప్పేమీ లేదని అనుకుంటూ నలభై దాటేశాను.

కిడ్నీ ఇవ్వడానికి మా మరదలు ముందుకు రాలేదని అనుకోకూడదు. ఆమెకు షుగర్ ఉంది, పనికిరాదన్నారు. పిల్లేమో ఇంకా బడికి పోతోంది. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించి ఎదురుచూడాలంటే ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరట. మిగిలింది నేను. నా రక్తం తీసుకున్నారు, స్కానులు తీశారు, మళ్ళీ రక్తం తీసుకున్నారు. ఆఖరికి అన్నీ సరిపోయాయన్నారు. ఆ రోజు మా మరదలు వీధి చివర పిళ్ళైయార్ గుడికి పోయి వినాయకుడి ముందు కర్పూరం వెలిగించి వచ్చింది. నా నుదుట విభూతి పెట్టింది.

అప్పటి నుంచి నాకు ఇంట్లో మర్యాద మొదలైంది. పొద్దున పాలు, సాయంత్రం దానిమ్మ గింజలు. చేపల పులుసు చేస్తే మొదటి ముక్క నాకే. "బాగా తినాల వదినా, రొంబ చిక్కిపోతివి" అనేది మరదలు. నిజమైన ప్రేమతోనే అనేది. కానీ ఆ ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడల్లా, మొక్కుకున్న మేకకు మేత వేసినట్టు అనిపించేది. తమ్ముడు నా ముఖం చూసేవాడు కాదు. వాడి కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. నేనే కొంచెం పెద్ద సైజు చెప్పులు తెచ్చి తొడిగాను. అప్పుడు కూడా వాడు ఏమీ అనలేదు. వాడు అడుగుతాడని ఎదురుచూశాను. 'అక్కా, ఇస్తావా' అన్న ఒక్క మాట. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. అయినా ఎదురుచూశాను.

ఆపరేషన్‌కి ముందు ఇచ్చేవాళ్ళను విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. అది పద్ధతి. ఆ రోజు తమ్ముణ్ణీ మరదల్నీ బయట బెంచీ మీద కూర్చోమని, నన్ను ఒక్కదాన్ని లోపలికి పిలిచారు. డాక్టరమ్మ నాకంటే చిన్నది. తలుపు వేసి వచ్చి, బల్లకు అవతల కాకుండా నా పక్క కుర్చీలో కూర్చుంది. తమిళంలో అడిగింది. "ఇక్కడ మీరు చెప్పేది ఈ గది దాటదు. కిడ్నీ ఇవ్వడం మీకు సమ్మతమేనా?"

"ఇంట్లో అందరూ అనుకున్నారండీ" అన్నాను.

"వాళ్ళ సంగతి కాదమ్మా. మీ సంగతి అడుగుతున్నాను."

సమ్మతం అనే మాట తమిళంలోనూ తెలుగులోనూ ఒకటే. మా ఇళ్ళలో పెళ్ళి చూపులప్పుడు వినబడుతుంది ఆ మాట. నన్ను ఎవరూ చూడటానికి రాలేదు కాబట్టి నా విషయంలో ఎవరూ దాన్ని వాడలేదు. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. సరే అని చెప్పి లేచిపోవాలని నోరు తెరిచాను. "ఇష్టం లేదు" అన్నాను.

తెలుగులో అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "ఏమన్నారు?" అంది. దాంతో ఆ మాట మళ్ళీ తమిళంలో చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి నోరు జారిందనుకోవచ్చు. రెండోసారి తెలిసి చెప్పాను.

ఎందుకు అని ఆమె అడగలేదు. "సరే. మీరు ఇవ్వడానికి తగరని మాత్రం వాళ్ళకు చెబుతాం. కారణం చెప్పం. చాలామందికి ఇలాగే చేస్తాం, మీరు భయపడకండి" అంది. మంచినీళ్ళు ఇచ్చింది. తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. తలుపు అద్దంలోంచి మా మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం కనిపించింది.

ఆటోలో తిరిగి వస్తున్నాం. మరదలు అవతలి వైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. కొంత దూరం పోయాక తమ్ముడు నా చేయి పట్టుకున్నాడు. వాడు నా చేయి పట్టుకుని ఎన్నేళ్ళయిందో.

"నీకేమన్నా రోగమాక్కా? నా దగ్గిర దాస్తా ఉండారా?"

"లేదురా."

"నిజం చెప్పు. నాకెట్లయినా పోనీ. నీకేం కాకుండా ఉంటే సరి."

నేను మాట్లాడలేకపోయాను. వాడు దాన్ని వేరే విధంగా అర్థం చేసుకుని నా చేయి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున గ్రైండర్‌లో పిండి రుబ్బడానికి కూర్చోబోతే మరదలు వచ్చి నన్ను లేపింది. "నువ్వు కూచో వదినా. పావం, నీ ఒళ్ళే బాగలేదంట" అని తనే బియ్యం పోసింది. పక్కింటామె గోడ మీంచి చూసి, పెద్ద ఆస్పత్రిలో చూపించుకోమని నాకు సలహా చెప్పింది. ఆ పూట ఊరుకుని ఉంటే నేను ఆ ఇంట్లో హాయిగా ఉండేదాన్ని. జబ్బుమనిషిగా జాలితో ఇంకా బాగా చూసుకునేవాళ్ళు. అదే నాకు భయం వేసింది. జీవితంలో ఒక్కసారి నా నోటితో నేను చెప్పిన మాట, ఆ జాలి కింద కప్పబడిపోతుందనిపించింది.

"నాకేం రోగం లేదు. నేనే ఇయ్యనన్నా" అన్నాను.

గ్రైండర్ చప్పుడులో ఆమెకు సరిగా వినబడలేదు. స్విచ్ ఆపింది. "ఏంది?"

"డాక్టరమ్మ నన్ను అడిగింది. నాకు ఇష్టం లేదని చెప్పినా."

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది. తరవాత మొదలుపెట్టింది. "ఏందొదినా నువ్వు అంటా ఉండేది? నీ చేత్తో పెంచినావే ఆయన్ని! నీ చేత్తోనే సంపుతావా? నీకెవురున్నారని దాచిపెట్టుకుంటా ఉండావు దాన్ని?" అరుస్తూ ఏడుస్తూ నేల మీద కూలబడింది. నేను లేపబోతే నా చేయి విసిరి కొట్టింది. ఆమెను నేను తప్పు పట్టను. ఆమె మొగుడు చచ్చిపోతున్నాడు.

తల ఎత్తి చూస్తే గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. "అట్లనా" అన్నాడు. అంతే. గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో ఇంకో వారం కూడా ఉండలేకపోయాను. ఎవరూ పొమ్మనలేదు. వండిన అన్నం ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. బడిలో కూడా తెలిసిపోయింది. నేను గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. రెడ్డియార్‌పాళయంలో స్టీలు పాత్రల అంగడి పైన ఒక గది ఉందంటే వెళ్ళి చేరాను. బట్టలు, ఒక స్టవ్వు, నాన్న ఫొటో తెచ్చుకున్నాను. గుమ్మం దాటుతుంటే మేనకోడలు మాత్రం నా సంచీ పట్టుకుని బస్టాపు దాకా వచ్చింది. బస్సు వచ్చేదాకా నిలబడింది, కానీ నాతో మాట్లాడలేదు.

సొంతంగా బతకడం గురించి జనం చాలా గొప్పగా చెబుతారు. నాకు మొదటి నెలలు ఎలా గడిచాయో చెప్పాలి. తమ్ముడి జబ్బు మొదలయ్యాక వాడి పథ్యం కోసం కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, ఉప్పు లేకుండా చేసేదాన్ని. గదిలో ఒక్కదానికే వండుకుంటూ కూడా అలాగే చేశాను. చాలా రోజుల తరవాత గానీ, నాకు ఏ రోగమూ లేదని, ఉప్పు వేసుకోవచ్చని గుర్తు రాలేదు. కూరగాయల బండి అతను "ఏం కావాలమ్మా" అంటే నోట మాట వచ్చేది కాదు. బీన్స్ తమ్ముడికి ఇష్టం, సొరకాయ మరదలికి, బంగాళాదుంప పిల్లకు. నాకు? ఆ వయసులో ఒక మనిషికి తనకేం తినాలనుందో తెలియకపోవడం ఎవరితోనైనా చెప్పుకోవాలంటే సిగ్గు. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన రోజులున్నాయి.

ఒక ఆదివారం బస్సెక్కి వీరాంపట్టినం వెళ్ళాను. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా, ఒక్కదాన్ని దాని ముందు కూర్చున్నది లేదు. అక్కడ కూర్చుంటే మనసుకు ఏదో తెలుస్తుందనుకున్నాను. ఎండ మాడ్చేసింది. పడవల నీడలో కుక్కలు పడుకున్నాయి. చేపలు ఎండబెడుతున్న ఒకామె నన్ను చాలాసేపు చూసి, తమిళంలో "ఎవరి కోసం వచ్చావమ్మా?" అంది. ఎవరి కోసమూ కాదన్నాను. ఆమె నమ్మలేదు. ఇంట్లో గొడవ పడి వచ్చాననుకుందేమో, సముద్రం దగ్గరికి పోవద్దని గట్టిగా చెప్పింది. తల నొప్పితో తిరిగి వచ్చాను.

కింద అంగడి వాళ్ళ పెద్దావిడ ఒకామె ఉండేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మా వీధిలో తెలుగు చదవగలిగినది ఆవిడ ఒక్కతే. కళ్ళు మసకబారి అక్షరాలు కనబడక విసుక్కునేది. తన పుస్తకాలు చదివి పెట్టమని నన్ను అడిగితే, నాకు మాట తప్ప అక్షరం రాదని చెప్పాను. "అయితే నేర్చుకో. నాకు పొద్దు పోవాల" అంది. అలా ఆవిడ పొద్దు పోవడం కోసం నేను నలభై దాటాక తెలుగు అక్షరాలు దిద్దాను. నేను ఇంట్లో పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న మాటలు కాగితం మీద కనబడుతుంటే, తెలిసిన మనిషి ముఖం మొదటిసారి వెలుతురులో చూసినట్టుండేది. అందులో నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం కలిగినప్పుడల్లా తమ్ముడి ఉబ్బిన కాళ్ళు గుర్తొచ్చేవి.

ఒక రోజు పెద్దమ్మకు నా కథ మొత్తం చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ "నేనైతే ఇచ్చుంటాను" అంది. నా ముఖం చూసి మళ్ళీ అంది. "నువ్వు ఇయ్యలే. ఎవురి బుద్ధి వాళ్ళది. దానికి నేనేం చేసేది? యాడ ఆపినావో ఆడినుంచి చదువు."

ఆ సమాధానం నాకు ఎవరి ఓదార్పుకంటే బాగా పనికొచ్చింది.

తమ్ముడు డయాలిసిస్‌కు పోతూ ఉండేవాడు. వారంలో కొన్ని రోజులు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆస్పత్రిలో. ఒకసారి మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, అమ్మకి జరం. నాకు పరీక్ష. నాయన ఒక్కడే పోయినాడు." వస్తావా అని అడగలేదు. నేను బడికి సెలవు పెట్టి వెళ్ళాను.

పెద్ద గదిలో వరసగా మంచాలు, పక్కన మిషన్లు. వాడి చేతి నుంచి ఎర్రటి గొట్టాలు మిషన్‌లోకి పోయి తిరిగి వస్తున్నాయి. మనిషి నల్లబడిపోయాడు. స్తంభాలెక్కి పనిచేసిన భుజాలు కరిగిపోయి, చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టుంది. నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆ రోజు వాడు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పొమ్మనీ అనలేదు. తరవాత కూడా సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళాను. మరదలు ఉన్న రోజు నన్ను చూసి లేచి బయటికి వెళ్ళి కూర్చునేది.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక రోజు వాడే అన్నాడు, పైకప్పు చూస్తూ.

"ఎందుక్కా?"

ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. సమాధానం కూడా నా దగ్గర చాలా కాలంగా ఉంది.

"నువ్వు అడగలే."

వాడు తల తిప్పి చూశాడు. "ఏంది?"

"ఇంట్లో అందరూ అనుకున్నారు. నువ్వు ఒక్క మాట నన్ను అడగలేదు. నా ఒంట్లోది తీసుకుంటా, నన్ను అడగలే నువ్వు."

"నువ్వు మా అక్కవి. నిన్ను అడిగేది ఏముందనుకున్నా."

"అదే."

మిషన్ ఏదో కూత పెట్టింది. నర్సు వచ్చి ఒక మీట నొక్కి వెళ్ళింది. వాడు నర్సు పోయేదాకా ఆగి అడిగాడు.

"అడిగుంటే ఇచ్చుంటావా?"

అవునని అబద్ధం చెప్పవచ్చు. వాడికి కాస్త శాంతి కలిగేదేమో, లేక ఇంకా బాధ కలిగేదేమో. "తెలీదురా" అన్నాను. "నిజంగా తెలీదు."

వాడు నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఇప్పుడు అడుగుతాడనుకున్నాను. అప్పటికే వాడి గుండె బలహీనపడిందని, ఆపరేషన్ తట్టుకోలేడని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. అయినా ఎదురుచూశాను. వాడు పెదవులు తడుపుకుని, "నోరు ఎండిపోతా ఉంది. ఐసు ముక్క ఉంటే ఇయ్యక్కా" అన్నాడు. నీళ్ళు కొలత ప్రకారమే తాగాలి వాడు. ఫ్లాస్కులోంచి చిన్న ముక్క తీసి నాలుక మీద పెట్టాను. కళ్ళు మూసుకుని చప్పరించాడు, చిన్నప్పుడు చేసినట్టే.

వానల రోజుల్లో పోయాడు. ఊరంతా నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇంటికి వెళితే మరదలి అన్న వీధి గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "లోపలికి రావద్దమ్మా. ఇప్పుడెందుకు వచ్చినావు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. నేను ఎదురింటి చూరు కింద నిలబడ్డాను. ఆడవాళ్ళు నన్ను చూసి గుసగుసలాడారు. ఒకామె నాకు వినబడేలాగే "తమ్ముణ్ణి మింగింది" అంది. పాడె ఎత్తినప్పుడు గుడ్డ తొలగి వాడి పాదాలు కనిపించాయి. నేను పెంచిన పాదాలు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. తరవాత తడుస్తూ నడిచి నా గదికి వచ్చి, తలుపు వేసుకుని, నేల మీద పడి ఏడ్చాను.

నేను ఇచ్చి ఉంటే వాడు బతికేవాడేమో. ఇచ్చినా పోయేవాడేమో. ఈ రెండింటిలో నాకు అనుకూలమైనదాన్ని నమ్మి సుఖపడాలని నేను చూడలేదు. బహుశా బతికేవాడు. అది తెలిసే చెబుతున్నాను, మళ్ళీ అదే గదిలో కూర్చోబెట్టి అలాగే అడిగితే నా నోటి నుంచి అదే మాట వస్తుందని. దీనికి పశ్చాత్తాపం అనే పేరు సరిపోదు, ధైర్యం అనే పేరూ సరిపోదు. తమ్ముడి మీద ప్రేమ లేక అన్న మాట కాదు అది. వాడిని తలుచుకోని రోజు లేదు. కానీ ఆ మాట అనక ముందు ఆ ఇంట్లో వండి పెట్టిన మనిషి ఎవరో నాకు తెలియదు. ఇప్పుడు ఈ గదిలో ఉన్న మనిషి నాకు తెలుసు. ఆమె అంత మంచిది కాదు. కాకరకాయ వేపుడు ఇష్టంగా తింటుంది. ఎవరైనా తన తరఫున మాట్లాడితే ఊరుకోదు. చాలా సాయంత్రాలు ఎవరూ లేక గోడల వైపు చూస్తూ కూర్చుంటుంది.

తమ్ముడు పోయిన మరుసటి ఏడు మేనకోడలు కాలేజీలో చేరింది. ఒక ఆదివారం చెప్పకుండా నా గదికి వచ్చింది. వాళ్ళ నాన్న కళ్ళే దానివి. అన్నం పెట్టాను, తింది. ఆ తరవాత అప్పుడప్పుడు వచ్చేది. ఒకసారి పోతూ పోతూ, "నేనొస్తా ఉండేది అమ్మకి తెలీదత్తా. లైబ్రరీకని చెప్తా" అంది.

అది వచ్చే ఆదివారాల కోసమే నేను వారమంతా గడుపుతున్నాను. అయినా నోరు ఊరుకోలేదు. "చెప్పి రా. చెప్పకుండా రావద్దు" అన్నాను.

"చెప్తే పంపదు."

"పంపకుంటే వద్దులే."

దాని ముఖం ఎర్రబడింది. "నీకు ఎవురూ అక్కర్లేదు గదత్తా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెనక్కి పిలవాలని గుమ్మం దాకా వెళ్ళాను. పిలవలేదు.

కొన్ని నెలలు రాలేదు. ఆదివారం ఇద్దరు మనుషులకు బియ్యం కడిగి, మధ్యాహ్నం దాకా చూసి, మిగిలిన అన్నంలో నీళ్ళు పోసేదాన్ని. నేను చేసింది సరైనదేనా అని అప్పుడు గట్టిగా అనుమానం వచ్చింది. తమ్ముడి విషయంలో కూడా అంత అనుమానం రాలేదు.

పోయిన నెల మరదలు ఫోన్ చేసింది. వాడు పోయాక ఆమె గొంతు వినడం అదే మొదలు.

"పిల్ల నీకాడికి వస్తానంటా ఉంది."

"ఊఁ."

"నేను పొమ్మన్ను. వద్దనీ అన్ను. నీ మొకం మాత్రం నేను చూడను వదినా, నేను చచ్చేదాకా."

"సరే" అన్నాను. ఇంకేమైనా అంటుందేమో అని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. అవతల కుక్కర్ కూత వినిపించింది. తరవాత ఆమె పెట్టేసింది.